జాన్ కిర్వాన్ కోచ్‌గా ఫెయిల్ అనడం న్యాయమేనా? ఇటలీ, జపాన్ రోజులు ఫాలో అయినవాళ్ళు చెప్పండి

ఆక్లాండ్_మూర్తి

అందరికీ నమస్కారం. నేనుండేది ఆక్లాండ్‌లో. చిన్నప్పట్నుంచీ క్రికెట్ తప్ప ఇంకో ఆట పట్టించుకోలేదు గానీ ఇక్కడికొచ్చాక రగ్బీ ఎక్కేసింది, సోమవారం పొద్దున ఆఫీసులో అడుగుపెడితే అందరి నోటా అదే మాట కాబట్టి ఎక్కకుండా ఎలా ఉంటుంది. మొన్న లంచ్‌లో సర్ జాన్ కిర్వాన్ ప్రస్తావన వచ్చింది. మా టీమ్‌లో ఒక పెద్దాయన ఉన్నారు, అరవై దాటాయి, 80ల నుంచి ఒక్క మ్యాచ్ వదలని మనిషి, ఆయన ఒక్క ముక్కలో తేల్చేశారు: ఆటగాడిగా తిరుగులేదు, మనిషిగా ఇంకా గొప్పోడు, కోచ్‌గా మాత్రం సున్నా అని.

ఆయన చెప్పిన లెక్క ఇదీ. ఇటలీకి 2002 నుంచి 2005 దాకా కోచ్‌గా ఉండి సిక్స్ నేషన్స్‌లో (యూరప్‌లో ఆరు దేశాలు ఏటా ఆడే టోర్నీ) మొత్తం రెండే మ్యాచ్‌లు గెలిపించాడు, చివరి ఏడాది ఐదుకి ఐదూ ఓడారు, తీసేశారు. తర్వాత జపాన్‌కి వెళ్ళి 2007, 2011 రెండు వరల్డ్ కప్‌లు, ఎనిమిది మ్యాచ్‌లు, ఒక్క గెలుపు లేదు, రెండు డ్రాలు. ఆ తర్వాత సూపర్ రగ్బీ లీగ్‌లో ఆడే సొంతూరు జట్టు బ్లూస్‌కి వచ్చి 2013 నుంచి 2015 దాకా మూడు సీజన్లు, ఒక్కసారి కూడా ప్లేఆఫ్స్‌కి వెళ్ళలేదు.

అంకెలు చూస్తే కాదనడానికి లేదు. కానీ నాకు ఆ మాట మింగుడు పడలేదు. ఒకటి, ఆయన తీసుకున్నవన్నీ అప్పటికి అడుగున ఉన్న జట్లే కదా. రెండు, జపాన్ 2015లో సౌతాఫ్రికాని కొట్టినప్పుడు ఆ టీమ్ ఒక్క రోజులో ఊడిపడలేదు కదా. కాకపోతే వాదించడానికి నా దగ్గర సరుకు లేదు. ఈ గ్రూపులో రగ్బీ బాగా చూసేవాళ్ళు ఉన్నారని తెలిసి అడుగుతున్నా, మీరేమంటారు? క్రికెట్ మాత్రమే తెలిసినవాళ్ళకి కూడా అర్థమయ్యేలా చెప్తే ఇంకా సంతోషం.

విశాఖ_వింగర్

మూర్తి గారూ మంచి ప్రశ్న వేశారు, నాకు చాలా ఇష్టమైన మనిషి కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఆటగాడిగా ఎవరో తెలీనివాళ్ళ కోసం. 1964లో ఆక్లాండ్‌లో పుట్టాడు, వాళ్ళ నాన్నది మాంసం కొట్టు, ఈయనా ఆ పనే నేర్చుకున్నాడు. అప్పట్లో రగ్బీ యూనియన్‌లో, అంటే మనం మాట్లాడుకునే ఈ పదిహేనుమంది ఆటలో, ఆడినందుకు జీతం ఉండేది కాదు, 1995 ఆగస్టు దాకా ఆ రూల్ అలాగే ఉంది, ఎంత పెద్ద ప్లేయరైనా పగలు ఏదో ఒక పని చేసుకోవాల్సిందే. 1984లో 19 ఏళ్ళకే ఆల్ బ్లాక్స్‌కి, అంటే న్యూజిలాండ్ జాతీయ జట్టుకి ఆడాడు, ఫ్రాన్స్ మీద. రైట్ వింగ్, అంటే కుడి అంచున ఉరికే ఆటగాడు. ఆరడుగులు దాటిన మనిషి, అంత ఒళ్ళేసుకుని అంత వేగంగా ఉరికే వింగర్లు ఆ రోజుల్లో అరుదు. మొత్తం 63 టెస్టులు (దేశాల మధ్య మ్యాచ్‌లు), 35 ట్రైలు (బంతిని ఎదుటివాళ్ళ గోల్ లైన్ దాటించి నేలకి ఆనిస్తే ట్రై), 1994లో ఆపేసేసరికి ట్రైల్లో న్యూజిలాండ్‌కి అదే రికార్డు.

1987 మొట్టమొదటి వరల్డ్ కప్, మొట్టమొదటి మ్యాచ్, ఈడెన్ పార్క్‌లో, ఎదురుగా ఇటలీ. ఆ మ్యాచ్‌లో ఈయన వేసిన ట్రై వీడియో ఇప్పటికీ తిరుగుతూనే ఉంటుంది. ఇటలీ వాళ్ళు ఆట తిరిగి మొదలుపెడుతూ బంతి తన్నారు, అది ఈయన చేతికి తమ గోల్ లైన్ వైపే, చాలా వెనకాల అందింది, అక్కణ్ణుంచి మొదలెట్టాడు, మొదటి ముగ్గురు నలుగుర్ని భుజాలతోనే తోసుకుంటూ పోయాడు, మధ్య గీత దాటేసరికి ఎవరు పట్టుకోవాలో ఇటలీ వాళ్ళకే అర్థం కాలేదు, ఆ చివర గోల్ లైన్ మీద వాలిపోయేదాకా ఎవరికీ దొరకలేదు. 70-6 అయింది. ఫైనల్లో ఫ్రాన్స్ మీద కూడా ట్రై వేశాడు, 29-9, కప్ వాళ్ళదే.

ఏ దేశాన్ని అలా చీల్చుకుంటూ పోయాడో పదిహేనేళ్ళకి అదే దేశానికి హెడ్ కోచ్ అయ్యాడు. అదేం గాల్లోంచి వచ్చింది కాదు. 80ల్లోనే ఇటలీ వెళ్ళి ట్రెవీసోలో బెనెట్టన్ క్లబ్బుకి ఆడాడు, ఇటలీ అమ్మాయినే పెళ్ళి చేసుకున్నాడు, భాష గలగలా వచ్చేసింది. డ్రెస్సింగ్ రూమ్‌లో ఇంటర్‌ప్రెటర్ అక్కర్లేని విదేశీ కోచ్ అంటే ఆ రోజుల్లో చిన్న విషయమా? తర్వాత రెండు సీజన్లు ఆక్లాండ్ వారియర్స్‌కి రగ్బీ లీగ్ (పదమూడుమందితో, వేరే రూల్స్‌తో ఆడే రగ్బీ) కూడా ఆడి, అటునుంచి జపాన్‌లో ఎన్‌ఈసీ కంపెనీ టీమ్‌కి వెళ్ళాడు. అంటే తర్వాత కోచ్ చేసిన రెండు దేశాల్లోనూ ముందే ఆటగాడిగా బతికి, అక్కడి తిండి తిని, అక్కడి క్లబ్బుల లోగుట్టు తెలుసుకున్న మనిషి.

ఇక ఇటలీ. వీళ్ళు సిక్స్ నేషన్స్‌లో చేరింది 2000లో. మొదటి మ్యాచ్‌లోనే స్కాట్లండ్‌ని 34-20తో కొట్టారు. అంతే, ఆ తర్వాత వరసగా 14 మ్యాచ్‌లు ఓడారు. మూడు సీజన్ల పాటు ఇంకో గెలుపు చూడలేదు. వీళ్ళని అసలు ఎందుకు చేర్చుకున్నారు అని పేపర్లలో రాసే పరిస్థితి. ఆ 14 ఓటముల వరసని ఆపింది కిర్వాన్ టీమ్, 2003 ఫిబ్రవరి 15, రోమ్‌లో వేల్స్ మీద 30-22. ఆ ఏడాది చివరి స్థానం వేల్స్‌కి పోయింది, ఇటలీ మొదటిసారి ఆ గండం తప్పించుకుంది. మళ్ళీ 2004లో స్కాట్లండ్ మీద 20-14, మళ్ళీ చివరి స్థానం తప్పింది. మీ పెద్దాయన "రెండే మ్యాచ్‌లు" అన్నది ఈ రెండే. ఆ రెండింటి బరువు ఎంతో ఆ 14 చూస్తేనే తెలుస్తుంది.

ఇంకోటి, నా దృష్టిలో ఇదే అసలైంది. 2002 జూన్‌లో న్యూజిలాండ్ వెళ్ళి హామిల్టన్‌లో ఆల్ బ్లాక్స్ మీద ఆడినప్పుడు 18 ఏళ్ళ కుర్రాణ్ణి దింపాడు. వాడు సెర్జియో పరీసె. తర్వాత ఇటలీకి 142 టెస్టులు ఆడాడు, ఐదు వరల్డ్ కప్‌లు, ప్రపంచంలో గొప్ప నంబర్ ఎయిట్‌లు (ఫార్వర్డ్స్‌లో, అంటే ముందుండి తోసే బరువైన ఆటగాళ్ళలో, వెనకుండేవాడు) ఎవరు అంటే చెప్పే నాలుగైదు పేర్లలో ఒకడు. అదే టూర్‌లో మార్టిన్ కాస్ట్రోజొవానీ అనే ప్రాప్ (ఫార్వర్డ్స్‌లో ముందు వరస ఆటగాడు) కూడా మొదలయ్యాడు, 119 టెస్టులు. కిర్వాన్‌ని 2005లో తీసేసి ఫ్రాన్స్ మాజీ స్క్రమ్‌హాఫ్ పియర్ బెర్బిజియేని పెట్టారు, 2007లో అదే బ్యాచ్ స్కాట్లండ్ వెళ్ళి మరీ 37-17తో కొట్టింది, సిక్స్ నేషన్స్‌లో బయటి గడ్డ మీద వాళ్ళకి అదే మొదటి గెలుపు. కాబట్టి సున్నా అనే మాట నేనైతే ఒప్పుకోను.

లైనవుట్_77

విశాఖ అన్నా రాసినదాంట్లో తప్పు లేదు, ఇటలీ దాకా నేనూ ఒప్పుకుంటా. కానీ జపాన్ విషయంలో అందరూ ఆయన మీద అభిమానంతో కళ్ళు మూసుకుంటున్నారని నా అభిప్రాయం, అందుకే రాస్తున్నా.

2011 వరల్డ్ కప్. ఐదేళ్ళు చేతిలో ఉన్న టీమ్. మొదటి మ్యాచ్ ఫ్రాన్స్‌తో, గంట దాటేదాకా వెనకాలే ఉన్నారు, ఒక దశలో 25-21, ఫ్లై హాఫ్ (ఆట నడిపించే ఆటగాడు) జేమ్స్ ఆర్లిడ్జ్ ఒక్కడే ఆ 21 పాయింట్లూ కొట్టాడు, చివర్లో చేతులెత్తేసి 47-21. సరే, గౌరవంగానే ఓడారు. రెండోది న్యూజిలాండ్‌తో, 83-7. దానికి ఆయన దింపింది మెయిన్ టీమ్ కాదు, మొదటి మ్యాచ్ ఆడినవాళ్ళలో చాలామందిని కూర్చోబెట్టాడు, టోంగా మ్యాచ్‌కి దాచుకుంటున్నా అన్నాడు. సరే దాచావ్, టోంగా మీద ఏమైంది? 31-18 ఓటమి. ఆఖరిది కెనడా, పది నిమిషాలుందనగా 23-15తో ముందున్నారు, ఎనిమిది పాయింట్లు! ఒక ట్రై, ఒక పెనాల్టీ ఇచ్చేసి 23-23. దాచుకున్న టీమ్‌తో గెలవాల్సిన రెండు మ్యాచ్‌లూ గెలవకపోతే ప్లాన్ ఫెయిలైనట్టే కదా.

రెండో పాయింట్, ఆ స్క్వాడ్‌లో బయట పుట్టినవాళ్ళు బాగా ఎక్కువ, జపాన్‌లోనే దీని మీద విమర్శలొచ్చాయి. ఆర్లిడ్జ్ కూడా న్యూజిలాండ్ వాడే. జపాన్ వాళ్ళు పొట్టి, సన్నం, మనం పెద్ద ఒళ్ళు తెచ్చుకుందాం అనేది ఆలోచన. కిర్వాన్ తర్వాత కోచ్‌గా ఎడ్డీ జోన్స్ వచ్చాక దీన్ని తిప్పేశాడు. మన ఒళ్ళు చిన్నదే, అయితే ఎనభై నిమిషాలూ ఎదుటివాడికన్నా ఎక్కువ పరిగెడదాం, బంతి కింద పడ్డ మరుక్షణం బయటికి తీద్దాం, స్క్రమ్ (రెండు జట్ల ఫార్వర్డ్స్ తలలు వంచి ఒకరినొకరు తోసుకోవడం) కిందికి వంగి తోద్దాం అన్నాడు, తెల్లారకముందే లేపి ప్రాక్టీస్ చేయించాడు. నాలుగేళ్ళు. ఫలితం అందరికీ తెలుసు, 2015 వరల్డ్ కప్, ఇంగ్లండ్‌లో బ్రైటన్, సౌతాఫ్రికా మీద 34-32. తేడా కోచ్‌ది కాకపోతే ఎవరిది?

ఆక్లాండ్_మూర్తి

ఇద్దరికీ థాంక్స్, ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. లైనవుట్ గారూ, మీరన్న ఆ రెండో టీమ్ సంగతి మా పెద్దాయన కూడా కోపంగానే చెప్పారు, ఈ దేశంలో పుట్టి, ఈ దేశానికి ఆడినవాడు వరల్డ్ కప్‌లో ఆల్ బ్లాక్స్ ముందుకి బీ టీమ్‌ని తెస్తాడా అని. క్రికెట్ చూసిన నాకు అది కొంచెం వింతగానే ఉంది. అసలు ఎందుకలా చేస్తారు? వరల్డ్ కప్ మ్యాచ్‌ని ముందే వదులుకోవడం కాదా?

సైతామా_సుబ్బు

మూర్తి గారూ దీనికి నేను చెప్తా. నేను పదేళ్ళ పైన జపాన్‌లోనే ఉన్నా, ఇక్కడి కొలీగ్స్ పుణ్యమా అని ఈ చర్చ చాలాసార్లు విన్నా.

క్రికెట్‌లో రోజు విడిచి రోజు వన్డే ఆడినా ఫర్వాలేదు. రగ్బీలో ఎనభై నిమిషాలు ఆడాక ఫార్వర్డ్ ఒళ్ళు మామూలు స్థితికి రావడానికి వారం పడుతుంది. అందుకని టోర్నీల్లో వారం గ్యాప్ ఉంటే ఆరోగ్యం. కానీ పూల్‌లో (గ్రూపులో) ఐదు టీమ్‌లు ఉంటే ఎప్పుడూ ఒకటి ఖాళీగా ఉండాలి, టీవీ వాళ్ళకేమో పెద్ద జట్ల మ్యాచ్‌లు శని ఆదివారాల్లో కావాలి, దాంతో మధ్యలో ఇరుక్కునేది చిన్న జట్లు. ఇప్పుడు కిర్వాన్ ఎదుర్కొన్న తేదీలు చూడండి. 2003లో ఇటలీ: అక్టోబర్ 11, 15, 21, 25. పద్నాలుగు రోజుల తేడాలో నాలుగు టెస్ట్ మ్యాచ్‌లు! ఆ నాలుగోది క్వార్టర్ ఫైనల్ తేల్చేది, వేల్స్ మీద, 27-15తో ఓడారు. అప్పటికే టోంగాని, కెనడాని కొట్టి ఉన్నారు, కొంచెం ఊపిరి పీల్చుకునే టైముంటే ఏమయ్యేదో.

2007లో జపాన్‌కీ అదే. సెప్టెంబర్ 8న ఆస్ట్రేలియా, 12న ఫిజీ. నాలుగు రోజులు. ఆస్ట్రేలియా మీద ఎంత బాగా ఆడినా గెలవరు, ఫిజీ మీద గెలవచ్చు, టీమ్ ఒక్కటే, మరి ఏం చేస్తారు? రెండు టీమ్‌లు చేశాడు. ఆస్ట్రేలియా మీద 91-3, అందరూ తిట్టారు. నాలుగు రోజుల తర్వాత తూలూజ్‌లో ఫ్రెష్ టీమ్‌తో ఫిజీ మీద 35-31, నాలుగు పాయింట్ల తేడాతో పోయింది, చివరి నిమిషం దాకా ఫిజీ లైన్ దగ్గరే ఉన్నారు. ఆ ఫిజీ తర్వాత వేల్స్‌ని ఇంటికి పంపి క్వార్టర్స్‌కి వెళ్ళింది. 2011లో టోంగా సంగతీ అంతే లైనవుట్ గారూ, జపాన్‌ని కొట్టాక పది రోజులకి అదే టోంగా ఫ్రాన్స్‌ని 19-14తో కొట్టింది, ఆ ఫ్రాన్స్ ఫైనల్ దాకా పోయి న్యూజిలాండ్ చేతిలో 8-7తో ఓడింది. అదేమీ చేతగాని టోంగా కాదు.

ఇంకా చెప్పాలంటే 2015లో ఎడ్డీ జోన్స్‌కి కూడా ఇదే తగిలింది. సెప్టెంబర్ 19న సౌతాఫ్రికాని కొట్టారు, 23న స్కాట్లండ్, వాళ్ళేమో అదే మొదటి మ్యాచ్‌గా తాజాగా దిగారు. 45-10. మిగతా రెండూ గెలిచి పూల్‌లో మూడు గెలుపులతో ఉండి కూడా క్వార్టర్స్‌కి వెళ్ళని మొదటి జట్టు జపానే. అంత గొప్ప కోచ్ కూడా ఆ నాలుగు రోజుల గ్యాప్‌ని దాటలేకపోయాడు.

ఇప్పుడు కెనడాతో 2007 డ్రా సంగతి. జపాన్ వరల్డ్ కప్‌లో అప్పటికి గెలిచింది ఒక్కటే మ్యాచ్, 1991లో జింబాబ్వే మీద. ఆ తర్వాత 13 మ్యాచ్‌లు వరసగా ఓటమి, అందులో 1995లో న్యూజిలాండ్ కొట్టిన 145-17 ఉంది, ఆ స్కోర్ ఇక్కడి పెద్దవాళ్ళ మనసులో ఇంకా ముల్లులా ఉంది. 2007 సెప్టెంబర్ 25, బోర్డో. కెనడా 12-5తో ముందుంది. ఎనభై నిమిషాలైపోయాయి, బంతి ఆట బయటికి పోయేదాకా ఆట నడుస్తుంది కాబట్టి నడుస్తోంది, జపాన్ వాళ్ళు అటూ ఇటూ పాస్‌లు తిప్పి తిప్పి చివరికి మూలన తైరా ట్రై వేశాడు. 12-10. రగ్బీలో ట్రై తర్వాత అదనపు పాయింట్ల కోసం తన్నే కన్వర్షన్ కిక్ ఎక్కణ్ణుంచి పడితే అక్కణ్ణుంచి తన్నకూడదు, ట్రై ఎక్కడ వేశారో దానికి సూటిగా వెనక్కి వచ్చి తన్నాలి. మూలన వేస్తే సైడ్ లైన్ పక్కనుంచే. ఒనిషి షోతారో ఆ గీత పక్కన బంతి పెట్టి, ఇంక ఆటలో ఏమీ మిగల్లేదు, ఇదొక్కటే, తన్నాడు, రెండు కర్రల మధ్యలోంచి పోయింది. 12-12. ఒక డ్రాకి జనం అంత ఏడవడం ఇంకెక్కడా చూడం. పదహారేళ్ళ తర్వాత వరల్డ్ కప్‌లో ఓడకుండా బయటికొచ్చిన మ్యాచ్ అది.

ఇక "ఎడ్డీ జోన్స్ తిప్పేశాడు" అన్నారు, కాదనను. కానీ బ్రైటన్‌లో మొదలుపెట్టిన పదిహేనుమందిలో ఎవరున్నారో చూడండి. కెప్టెన్ మైకేల్ లీచ్ 2008లో, స్క్రమ్‌హాఫ్ తనాకా ఫుమియాకి 2008లో, ప్రాప్ హతకెయామా 2008లో, హుకర్ హోరియే 2009లో, లాక్ ల్యూక్ థాంప్సన్ 2007లో జపాన్‌కి మొదటిసారి ఆడారు. అందర్నీ దింపింది కిర్వానే. ఫార్వర్డ్స్‌లో సగానికి సగం! చివరి నిమిషంలో పెనాల్టీ తన్నితే డ్రా అయిపోయే చోట వద్దు, స్క్రమ్ తీసుకుందాం, గెలుద్దాం అన్నది లీచే. అతను క్రైస్ట్‌చర్చ్‌లో పుట్టి పదిహేనేళ్ళకి సప్పోరోలో హైస్కూల్‌కి వచ్చి ఇక్కడే పెరిగినవాడు. బయటివాళ్ళు అనే మాటకి ఇక్కడివాళ్ళ జవాబు లీచ్‌ని చూస్తే దొరుకుతుంది. అతన్ని పరాయివాడు అనే మనిషి నాకు ఇంతవరకూ జపాన్‌లో తగల్లేదు.

నల్లకుంట_నాని

నేను రగ్బీకి కొత్త, 2025లో ముంబైలో రగ్బీ ప్రీమియర్ లీగ్ పెట్టినప్పుడు హైదరాబాద్ హీరోస్ పేరు చూసి మొదలెట్టా, అది సెవెన్స్ అనుకోండి, ఏడుగురి ఆట, ఇది పదిహేనుమందిది. అయినా ఈ థ్రెడ్ చదువుతుంటే నాకు ఒకటే గుర్తొస్తోంది, జాన్ రైట్.

ఆయనా న్యూజిలాండ్ వాడే, 2000లో మన టీమ్‌కి మొదటి విదేశీ కోచ్‌గా వచ్చాడు, ఫిక్సింగ్ గొడవతో టీమ్ పరువు పోయి ఉన్న టైము. 2001 కోల్‌కతా టెస్టు, 2003 వరల్డ్ కప్ ఫైనల్, అంతే, కప్ రాలేదు, 2005లో వెళ్ళిపోయాడు. చిత్రం ఏంటంటే కిర్వాన్ ఇటలీ నుంచి దిగిపోయిందీ అదే ఏడాది. తర్వాత 2011లో కప్ ఎత్తినప్పుడు కోచ్ గ్యారీ కిర్‌స్టెన్, కానీ ఆ టీమ్‌లో సెహ్వాగ్, యువరాజ్, జహీర్, హర్భజన్ వీళ్ళందరూ కుదురుకుంది ఎవరి టైమ్‌లో? రైట్, గంగూలీ టైమ్‌లోనే కదా. జాన్ రైట్ ఫెయిలయ్యాడని మనలో ఎవరన్నా అంటారా? మూర్తి అన్నా, మీ ఆఫీసు పెద్దాయనకి క్రికెట్ తెలిసుంటుంది కదా, న్యూజిలాండ్ ఆయనే కదా, ఈ మాట చెప్పి చూడండి.

లైనవుట్_77

నాని, పోలిక బావుంది గానీ ఒక తేడా ఉంది. జాన్ రైట్ ఫైనల్ దాకా తీసుకెళ్ళాడు, ఆస్ట్రేలియాని టెస్ట్ సిరీస్‌లో ఓడించాడు, అంటే కుర్రాళ్ళని తయారుచేస్తూనే గెలిచాడు. కిర్వాన్‌కి జపాన్‌తో ఉన్న పెద్ద గెలుపంటే 2011 పసిఫిక్ నేషన్స్ కప్, ఫిజీకి వెళ్ళి ఫిజీని 24-13తో కొట్టి మొదటిసారి ఆ కప్ తెచ్చారు. అది మంచి పని, మర్చిపోకూడదు, సుబ్బు గారు కూడా రాయలేదు దాన్ని. కానీ అది జరిగిన రెండు నెలలకే వరల్డ్ కప్, అక్కడ ఆ ఊపు కనబడలేదు.

ప్లేయర్స్‌ని కనిపెట్టడంలో కిర్వాన్ కన్ను గొప్పది, పరీసె, లీచ్ ఇద్దరూ ఒక్కడి చేతిలోంచి వచ్చారంటే మామూలు విషయమా. నేననేది, ముందున్న మ్యాచ్‌లో చివరి పది నిమిషాలు ఎలా ముగించాలో నేర్పడం ఇంకో విద్య, అది ఆయన దగ్గర తక్కువ. బ్లూస్ దగ్గర అది ఇంకా బయటపడింది. అక్కడ నాలుగు రోజుల గ్యాప్ లేదు, చిన్న దేశం కాదు, ఆక్లాండ్ లాంటి ఊళ్ళో కుర్రాళ్ళకి కొదవ లేదు. రగ్బీ లీగ్ నుంచి బెంజీ మార్షల్‌ని తెచ్చి ఫ్లై హాఫ్ చేద్దామనుకున్నాడు, 2014లో అతను సీజన్ మధ్యలోనే వెళ్ళిపోయాడు. దీనికి మాత్రం షెడ్యూల్‌ని అనలేం.

విశాఖ_వింగర్

బ్లూస్ గురించి నేను వాదించను, అవి మంచి రోజులు కావు. కాకపోతే ఆయన తర్వాత కూడా బ్లూస్ చాలా ఏళ్ళు అలాగే ఈడ్చింది, 2021 దాకా టైటిల్ లేదు, కాబట్టి అక్కడ రోగం ఒక్క కోచ్‌ది కాదు.

శైలజ_వెల్లింగ్టన్

నేను రగ్బీ పెద్దగా చూడను, మా ఆయన చూస్తారు, ఈ థ్రెడ్ ఆయనే పంపించారు. నేనిక్కడ హైస్కూల్ పిల్లలతో పనిచేస్తాను. అందుకే ఒక మాట రాయాలనిపించింది, ఇందాకటి నుంచి అందరూ మ్యాచ్‌లే మాట్లాడుతున్నారు.

కిర్వాన్ గారు ఆల్ బ్లాక్‌గా పీక్‌లో ఉన్నప్పుడే, 80ల చివర్లో, డిప్రెషన్‌లో పడ్డారు. బయటికి దేశమంతా నెత్తిన పెట్టుకున్న మనిషి, లోపల నిద్ర లేదు, ప్రాణం మీద ఆశ పోయిన రోజులు కూడా ఉన్నాయని ఆయనే చెప్పారు. అప్పట్లో ఇక్కడ రగ్బీ ఆడే మగాడు ఏడవకూడదు, కష్టం చెప్పుకోకూడదు. మనింట్లో మాత్రం వేరా, "మగపిల్లాడివి, ఏడుస్తావేంట్రా" అనే కదా అంటాం. ఆయన బయటపడ్డాక దాచుకోలేదు. ప్రభుత్వం డిప్రెషన్ మీద వేసిన టీవీ ప్రకటనల్లో తనే కూర్చుని నేరుగా కెమెరా వైపు చూసి, ఇది జబ్బు, బలహీనత కాదు, సాయం అడగండి అని చెప్పారు. ఈ దేశంలో ఒక తరం మగవాళ్ళు డాక్టర్ దగ్గరికి వెళ్ళి నోరు విప్పారంటే ఆ ప్రకటనల పాత్ర చాలా ఉంది. 2012లో సర్ బిరుదు ఇచ్చినప్పుడు కూడా రగ్బీతో పాటు మానసిక ఆరోగ్యం మీద చేసిన పనిని కలిపే ఇచ్చారు. ఇప్పుడు ఆయన పేరుతో ఉన్న ఫౌండేషన్ ప్రైమరీ స్కూళ్ళలో చిన్నపిల్లలకే మనసు సంగతులు నేర్పే పాఠాలు పెట్టించింది.

తేదీలు చూడండి. ఆ ప్రకటనల కాలం, జపాన్‌కి కోచ్‌గా ఉన్న కాలం ఒకటే. జాతీయ జట్టు కోచ్, రేపు ఓడితే ఉద్యోగం పోయే మనిషి, అదే టైములో నాకు డిప్రెషన్ వచ్చింది అని టీవీలో చెప్తున్నాడు. అది కోచింగ్‌లో భాగం కాదని ఎలా అంటాం? ఇరవై ఏళ్ళ కుర్రాడు అలాంటి కోచ్ దగ్గరికి భయం లేకుండా వెళ్ళి సార్ నాకు బాలేదు అనగలడు.

ఆక్లాండ్_మూర్తి

శైలజ గారూ మీరు రాసింది మా టీమ్ వాళ్ళకి ఇంగ్లీషులో చెప్పి వినిపిస్తాను. సుబ్బు గారూ ఆ తేదీల లెక్క నాకు అస్సలు తెలీదు, సగం జవాబు అక్కడే దొరికింది. లైనవుట్ గారు చెప్పినదాంట్లోనూ బలం ఉంది, ఆ 23-15 మ్యాచ్ గురించి మా పెద్దాయన కూడా ఇంకా గింజుకుంటూనే ఉంటారు.

ఈ శని ఆదివారాలు ఖాళీ, పాత మ్యాచ్‌లు చూద్దామనుకుంటున్నా. ఏవి ముందు చూడమంటారు? 2019 కూడా దీనికి కలుపుకోవాలా?

సైతామా_సుబ్బు

వరసలో చూడండి మూర్తి గారూ. ముందు 2007 ఫిజీ మ్యాచ్ మొత్తం, థాంప్సన్ వేసిన రెండు ట్రైలు ఉంటాయి. తర్వాత కెనడా మ్యాచ్ చివరి పావుగంట చాలు. 2011లో ఫ్రాన్స్‌తో మ్యాచ్ చూడండి, న్యూజిలాండ్ మ్యాచ్ వదిలేయండి. ఆ తర్వాత బ్రైటన్, అది ఒక్క నిమిషం కూడా స్కిప్ చేయొద్దు.

2019 ఖచ్చితంగా కలపాలి. ఐర్లండ్ మీద 19-12, స్కాట్లండ్ మీద 28-21, మొదటిసారి క్వార్టర్ ఫైనల్. ఈసారి కోచ్ జేమీ జోసెఫ్, ఆయన కూడా న్యూజిలాండ్ నుంచే, 1995 వరల్డ్ కప్‌లో ఆల్ బ్లాక్స్ స్క్వాడ్‌లో ఉండి 1999 వరల్డ్ కప్ జపాన్ జెర్సీలో ఆడినవాడు, అప్పటి రూల్స్ ఒప్పుకునేవి. ఐర్లండ్ మ్యాచ్‌లో లీచ్ బెంచ్ మీద నుంచి వచ్చిన దగ్గర్నుంచి ఆట ఎలా మారిందో గమనించండి. స్కాట్లండ్ మ్యాచ్‌లో థాంప్సన్‌ని చూడండి, 38 ఏళ్ళు, నాలుగో వరల్డ్ కప్, కిర్వాన్ 2007లో దింపినవాడే ఇంకా స్క్రమ్ తోస్తున్నాడు.

లైనవుట్_77

సుబ్బు గారి లిస్టుకి నేనొకటి కలుపుతా, 2003 రోమ్‌లో ఇటలీ, వేల్స్ మ్యాచ్. దొరికితే అది మొట్టమొదట చూడండి. కోచ్‌గా కిర్వాన్ బెస్ట్ రోజు అదే.